మిఠాయి పళ్లెంలో బెల్టు

ఈపాటికి చల్లారిపోయి ఉంటుంది ఆ కాఫీ, అడుగున మడ్డి పేరుకుని, కప్పు లోపలి అంచున గోధుమరంగు గీత ఒకటి మిగిల్చి, ఎవరు తీసి ఉంటారు దాన్ని, ఆ ఇంటి ఆడవాళ్లా, లేక పిల్ల తనే వచ్చి తీసిందా, తీసి ఎక్కడ పారబోసి ఉంటుంది, అడిగిన మాటకు జవాబు రాక ఎవరూ ముట్టుకోకుండా వదిలేసిన కాఫీని పారబోయడానికి ఒక పద్ధతంటూ ఉంటుందా, వస్ఫీకి తెలియదు, అడుగుదామంటే తెలిసినవాళ్లు కూడా లేరు, వాళ్ల వంశంలో అలాంటి కాఫీని ఇంతవరకూ ఎవరూ చూడలేదు, అనుకుంటూ ఉండగానే వెనకనుంచి ఎవరి మోచెయ్యో వీపులో గుచ్చుకుంది, ముందున్నవాడి భుజం వచ్చి గడ్డానికి తగిలింది, సరిహద్దు అవతలి పనులకు దాటించే చెక్‌పోస్టు ఊచల సందులో జనం ఒక్క అడుగు కదిలి మళ్లీ ఆగింది, ఆకాశం ఇంకా బూడిదరంగులోకి కూడా తిరగలేదు, రేకుల కప్పు కింద పసుపు దీపాలు, నిద్రలేని ఊపిరులు, సిగరెట్ పొగ, నిన్నటి సిమెంటు వాసన, ఈ వాసనలో తాను నిలబడడం మొదలుపెట్టి ఎంతకాలమైందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాడు, ఆ లెక్క తేలితే ఏం చెయ్యాలో తెలియదు గనక, తొయ్యకండిరా నాయనా, నా పక్కటెముకలు ఇంకా ఈ వారం పనికి కావాలి, అని వెనకనుంచి జబ్ర్ అరుస్తున్నాడు, టైల్స్ పనివాడు, ఈ సందులో నవ్వించడమే తన అసలు వృత్తి అనుకునేవాడు, నీ పక్కటెముకలు కాదు అన్నా, నీ పొట్ట సగం సందు మింగేసింది, అని ఇంకెవరో అన్నారు, నవ్వులు, దగ్గులు, ఆ నవ్వు ఊచలకు తగిలి వెనక్కి వచ్చింది, జబ్ర్ మెడ చాచి వస్ఫీ చెవిలోకి, కొడుకు పేరుతో తండ్రిని పిలిచే వాళ్ల అలవాటున, అబూ కుతైబా, పెళ్లికొడుకు తండ్రివి, మిఠాయి ఏదయ్యా, నీ దగ్గర చక్కెర వాసన కూడా రావట్లేదు, అన్నాడు, వాడు పక్క ఊరివాడు, వాడికింకా తెలియదు, వస్ఫీ నవ్వినట్టు పెదవులు కదిపి చేతిని నడుము దగ్గరికి పోనిచ్చాడు, అక్కడ బెల్టు లేదు, పాత దుప్పటి అంచు చింపి భార్య ఇన్సాఫ్ కట్టిన గుడ్డపేలిక ఉంది, బయలుదేరేటప్పుడు ఆమె రొట్టె, టమాటాలు, నూనెలో కలిపిన థైమ్ ఆకు పొడి మూటగట్టి ఇచ్చి, వంగి ఆ పేలికను తానే ముడివేసింది, బెల్టు ఏమైందని అడగలేదు, ఎందుకంటే అదెక్కడుందో ఆమెకు తెలుసు, ఊరందరికీ తెలుసు, అది పిల్ల తండ్రి అబూ ఐహమ్ ఇంటి గుమ్మం పక్కన మిఠాయి పళ్లెంలో ఉంది.

ఎలా జరిగిందో అతను మళ్లీ మొదటినుంచీ తలుచుకోవాలనుకున్నాడు, ఎక్కడో ఒకచోట మరోలా జరిగే వీలు కనిపిస్తుందేమోనని, రాత్రంతా అదే పని చేశాడు, ప్రతిసారీ అదే చోటికి వచ్చాడు, నిన్న మధ్యాహ్నం పని తొందరగా ముగించుకుని, స్లాబు మీద కమ్మీలు కట్టడం సగంలో వదిలి, మేస్త్రీని బతిమాలుకుని, ఇదే సందులోంచి ఇంటికి వచ్చాడు, స్నానం చేశాడు, గోళ్ల కింద తుప్పు పోయేదాకా నిమ్మచెక్కతో రుద్దుకున్నాడు, తెల్ల చొక్కా, పెళ్లిళ్లకు మాత్రమే తీసే తోలుబెల్టు, అందరికంటే పెద్దవాడైన చిన్నాన్న హాజీ దిరార్ ముందు నడిచాడు, ఆయన వెనక బంధువులు, వెనకాల చేతుల్లో మిఠాయి పెట్టెలు పట్టుకుని కొడుకు కుతైబా, కొత్త బూట్లు కిర్రుమంటుంటే సిగ్గుపడుతూ, మాటలన్నీ ముందే కుదిరిపోయాయి, ఇన్సాఫూ ఆ పిల్ల తల్లీ ఎన్ని సాయంత్రాలు కూర్చుని ఒక్కో ముడీ విప్పుకున్నారో, పిల్ల దీమా సరేనన్నది, తండ్రి సరేనన్నాడు, ఇక మిగిలింది మగవాళ్లు వెళ్లి ఆ మాటను పద్ధతిగా పలకడం ఒక్కటే, పెద్దాయన చేతికి కప్పు ఇస్తారు, ఆయన దాన్ని పెదవికి తాకించకుండా కింద పెట్టి, మేమడిగింది ఇచ్చేదాకా మీ కాఫీ తాగం అంటాడు, పిల్ల తండ్రి, తాగండి, మీరడిగింది మీదే అంటాడు, అంతే, అందరూ తాగుతారు, లోపల ఆడవాళ్లు గొంతెత్తి సందడి చేస్తారు, ఒక మాట, ఒక గుటక, వెనక్కి తీసుకోవడానికి వీల్లేనిది, వస్ఫీ తండ్రి కూడా ఒకప్పుడు అలాగే ఇన్సాఫ్ కోసం కప్పు దించాడు, రాతిక్వారీలో పనిచేసి చితికిన బొటనవేలు కప్పు అంచు మీద ఆనించి, గూటిలోంచి తీసిన గుడ్డును తిరిగి గూటిలో పెడుతున్నట్టు, ఎంత నెమ్మదిగా, వేలు తీసే ముందు ఒక క్షణం ఆగి, అప్పుడు గోడవారన కూర్చున్న వస్ఫీ తండ్రి ముఖం చూడలేదు, ఆ చేతినే చూశాడు, ఒక మనిషి చేతికి అంత గౌరవం ఎక్కడినుంచి వస్తుందో అని, నిన్న తాను తండ్రి స్థానంలో కప్పు దించడానికి ఒప్పుకోలేదు, హాజీ ఉండగా నేనెందుకని తప్పుకున్నాడు, ఎందుకు తప్పుకున్నాడో తనకు తెలుసు, తన చేతిమీద తనకు నమ్మకం లేదు.

ఆ ఇంటి ముందు నడవ ఇరుకు, పెళ్లికని కొత్త గచ్చు వేయిస్తూ పలకల దొంతులు గోడకు ఆనించి పెట్టారు, కూర్చునే గదికి కొత్త ఇనుప ద్వారబంధం బిగించారు, ఇంకా రంగు కూడా వేయలేదు, దాని వెనక తెల్లటి ట్యూబులైటు, అబూ ఐహమ్ ఆ ద్వారబంధంలో నిలబడ్డాడు, వెలుగు వీపువైపు ఉండడంతో ముఖం కనిపించలేదు, ఆకారం, ఎత్తిన అరచెయ్యి, హాజీ మోకాళ్లు నొప్పని తెలుసు గనక ఆయన్ని పట్టుకుని లోపలికి పంపి, పలకలు కాళ్లకు తగులుతాయని జాగ్రత్త చెప్పడానికే కావచ్చు, ఒక్కొక్కరే, అన్నాడు, నెమ్మదిగా, ఒక్కొక్కరే రండి, నువ్వు ఆగు, ఇప్పుడు నువ్వు రా, అప్పుడు వస్ఫీ చేతులు నడుము దగ్గరికి వెళ్లాయి, అవి వెళ్లడం అతనికి తెలియలేదు, అదే భయంకరం, తెలిసి ఉంటే ఆపేవాడు, బెల్టు లుంగలు లుంగలుగా చుట్టుకుని బయటికి వచ్చింది, ద్వారం పక్కన చిన్న బల్ల మీద వెండిరంగు పళ్లెం ఉంది, అతిథులకని బాదం మిఠాయిలు పేర్చిన పళ్లెం, ఆ చేతులకు పళ్లెం కనిపించింది, మిఠాయిలు కనిపించలేదు, బెల్టును పళ్లెంలో పెట్టాయి, చొక్కా అంచు పట్టుకుని రొమ్ముదాకా ఎత్తాయి, కాళ్లు నెమ్మదిగా గుండ్రంగా తిరిగాయి, ముందు కుడివైపు, తర్వాత వీపు, కొత్తగా స్నానం చేసిన పొట్టకు చల్లగాలి తగిలింది, సగం తిరిగేసరికి ఎదురుగా తన బంధువులందరి ముఖాలు, ఆ ముఖాల వెనక మిఠాయి పెట్టెల పైనుంచి కొడుకు కళ్లు, అప్పటికి తెలిసింది, చెక్‌పోస్టులో రోజూ చేసేదే ఇక్కడా చేశాడని.

ఎవరూ నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేది, వీడికి ఒంట్లో వేడి చేసిందర్రా, పొద్దుననగా ఎండలో ఇనుముతో కాపురం చేసి వచ్చాడు, అని లోపలినుంచి హాజీ దిరార్ ఏదో కప్పిపుచ్చబోయాడు, ఎవరో ఒకరు అవునవునన్నారు, ఆ అవును నడవలో ఒంటరిగా నిలబడిపోయింది, లోపలికి వెళ్లి కూర్చున్నారు, వదులైన ప్యాంటు జారకుండా వస్ఫీ మోచేతులు పొట్టకు నొక్కుకుని కూర్చున్నాడు, బెల్టు తీసుకురావడానికి మళ్లీ ఆ గుమ్మం దాకా నడవాలి, నడవలేదు, కాఫీ వచ్చింది, హాజీ మాట్లాడాడు, దేవుణ్ణి తలిచి, రెండు ఇళ్లనీ పొగిడి, కప్పు కింద పెట్టాడు, అందరి కళ్లూ అబూ ఐహమ్ మీద, అతను గచ్చు మీది పలకల మధ్య గీతలు చూస్తున్నాడు, తన కుడి అరచెయ్యి తొడ మీద బోర్లా పెట్టి ఎడమచేత్తో దాన్ని అదిమి పట్టుకున్నాడు, తాగండి అనే రెండు క్షణాల మాట రాలేదు, ఒక్క రోజు ఇవ్వండి హాజీ, రేపు చెబుతాను, అన్నాడు, వస్ఫీ వైపు చూడకుండా, వినేవాళ్లకు ఆ మాటకు అర్థం ఒక్కటే, ఒక్క రోజు అంటే ఇక రాదు అని, మాటిచ్చిన తర్వాత అడిగే ఒక్క రోజు కాదనడం కంటే ఎక్కువ, వచ్చేటప్పుడు అందరూ విడివిడిగా నడిచారు, కుతైబా తిరిగి మోసుకొస్తున్న మిఠాయి పెట్టెల అట్ట వేళ్ల కింద నలుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు, ఇంటి దగ్గరకొచ్చాక వాడు ఒక్క మాట అడిగాడు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, అక్కడ ఎవరున్నారని నాన్నా, అక్కడ ఎవరో ఉన్నారు, వస్ఫీ చూశాడు, వెలుగు ముందు ఆకారం, ఎత్తిన అరచెయ్యి, కానీ కొడుక్కి ఆ సంగతి ఏ భాషలో చెప్పాలి, వాడు ఊళ్లోనే రాళ్లు కోసే యంత్రం దగ్గర పనిచేస్తాడు, చచ్చినా ఆ సందులోకి రానంటాడు, పెళ్లయినవాడికైతే అవతల పనికి పర్మిట్ దొరకడం సులువంటారు, ఒక్కసారి పెట్టి చూద్దాం అని ఇన్సాఫ్ అన్నప్పుడల్లా వాడు నవ్వుతాడు, వస్ఫీ మాత్రం నవ్వడు, మనసులో ఒక మూల, ఎవరికీ చెప్పని మూల, పిల్లనడగడానికి వెళ్తున్నప్పుడే అతనికి తెలుసు, తాను కొడుక్కి భార్యనే కాదు, ఈ వరసలో తన వెనక చోటు కూడా అడుగుతున్నాడని, ఇద్దరిలో ఎవరి ముఖం చూసి ఆ పిల్ల తండ్రి ఒక్క రోజు అన్నాడో, చొక్కా ఎత్తిన తండ్రి ముఖమా, రేపు ఎత్తబోయే కొడుకు ముఖమా.

ఎర్రదీపం, తిరుగుడు గేటు ఆగింది, ముందువరసలో ఎవరి సంచో ఊచల మధ్య ఇరుక్కుంది, దేవుడా, ఈ గేటును కనిపెట్టినవాడికి లావుపాటి అత్తగారిని ఇవ్వు, అన్నాడు జబ్ర్, మళ్లీ నవ్వులు, ఎండినవి, అప్పుడు చూశాడు వస్ఫీ, పదిమంది అవతల, ఊచలకు వీపు ఆనించి పక్కకు ఒదిగి నిలబడ్డ మనిషిని, సున్నం మరకల టోపీ, రంగులు వేసే పనివాళ్ల తెల్ల ప్యాంటు, అబూ ఐహమ్, వస్ఫీ తల దించుకున్నాడు, ముందున్నవాడి మెడ వెనక దాక్కోవాలనుకున్నాడు, ఆ మెడ పడుచుది, నున్నగా గొరిగించుకున్నది, కుతైబా మెడలా ఉంది, చూపు తిప్పుకున్నాడు, ఇన్నేళ్లూ ఒకే సందులో నిలబడ్డవాళ్లే ఇద్దరూ, ఒకరి సిగరెట్ ఒకరు వెలిగించుకున్నవాళ్లు, ఈరోజు దాటిపోతే చాలు, అతను ముందే ఉన్నాడు గనక ముందే వెళ్లిపోతాడు, కానీ అతను వెళ్లడం లేదు, పచ్చదీపం వెలిగి జనం కదిలినా అతను కదలలేదు, ఒకణ్ణి ముందుకు పోనిచ్చాడు, ఇంకొకణ్ణి పోనిచ్చాడు, ఈ సందులో ఎవరూ ఎవరికీ చోటివ్వరు, పక్కటెముకలు విరిగినా ఇవ్వరు, అతను ఇస్తున్నాడు, ఏమయ్యా, నిద్రపోతున్నావా, అని ఎవరో కసిరితే, పో బాబూ, నాకు తొందర లేదు, అంటున్నాడు, నాకోసమే ఆగాడు, అనుకున్నాడు వస్ఫీ, వెనక్కి పోవడానికి చోటు లేదు, ఇక్కడ వెనక్కి అనే దిక్కే లేదు, జనం అతన్ని మెల్లగా, తప్పించుకోలేనట్టుగా, ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టింది, ఛాతీకి ఛాతీ తగిలేంత దగ్గర.

సలాం, అన్నాడు అబూ ఐహమ్, కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ప్లాస్టిక్ సంచి, దానిలో చుట్ట చుట్టిన తోలుబెల్టు, వస్ఫీ దాన్ని చూశాడు, అయిపోయింది, అనుకున్నాడు, వస్తువు తిరిగిచ్చేస్తున్నారు, ఇక ఆ ఇంట్లో తమది ఏదీ ఉండకూడదని, ఇక్కడే, అందరి మధ్య, పైకి ఏమీ అనకుండా, మంచిదే, ఇంటికొచ్చి చెప్పడం కంటే మంచిదే, ఇవ్వండి, అన్నాడు, కానీ ఆ మనిషి సంచి ఇవ్వలేదు, నేను రాత్రి పడుకోలేదు అబూ కుతైబా, నా చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను, అన్నాడు, మా ఆవిడ వచ్చి, నీకేమైంది, పిల్ల ఏడుస్తోంది, వాళ్లేం తప్పు చేశారు అంటే, తప్పు చేసింది వాళ్లు కాదే అన్నాను, ఇంక చెప్పలేకపోయాను, అంటూ కుడిచెయ్యి కాస్త ఎత్తాడు, ఇద్దరి ఛాతీల మధ్య ఎంత చోటుందో అంతే, ఇలా ఎత్తాను కదూ, ఇలాగే కదూ, ఒక్కొక్కరే అన్నాను, నువ్వు ఆగు, నువ్వు రా అన్నాను, మా ఇంటి గుమ్మంలో నిలబడి, పిల్లనడగడానికి వచ్చిన వాళ్లతో, ఆ మాట నాకెక్కడిది, మా నాన్న ఏ రోజైనా అతిథిని అలా పిలిచాడా, మీరు చొక్కా ఎత్తేదాకా నేనేమన్నానో నాకే తెలియలేదు, మీ పొట్ట చూశాక తెలిసింది, చెక్‌పోస్టులో ఆ సిపాయి ఎలా నిలబడతాడో అలాగే నిలబడ్డాను, వాడు ఎంత ఎత్తులో చెయ్యి పెడతాడో అంతే ఎత్తులో, నేనడిగాను, మీరు చేశారు, అంతే కదా జరిగింది, ఇంక ఆ నోటితోనే తాగండి అని ఎలా అనేది.

వస్ఫీ రాత్రంతా మొదటినుంచీ తలుచుకున్నాడు, ఎన్నోసార్లు, ఒక్కసారైనా ఆ ఆకారం వైపునుంచి చూడలేదు, వెలుగు ముందు నిలబడ్డ ముఖం లేని మనిషికి కూడా ఒక రాత్రి ఉంటుందనుకోలేదు, ఆ గుమ్మంలో తానొక్కడే సిగ్గుపోయి నిలబడ్డాడనుకున్నాడు, అక్కడ ఇద్దరు నిలబడ్డారు, ఇక్కడినుంచి ఈ గేటు అవతలి తనిఖీ చట్రాన్ని ఇద్దరూ చెరొక కొసా పట్టుకుని ఊళ్లోకి మోసుకెళ్లి, పెళ్లికని బిగించిన ద్వారబంధంలో సరిగ్గా అమర్చారు, ఒకరు ఇటువైపు, ఒకరు అటువైపు, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, వీధివైపు ఊచల అవతల కాఫీ అమ్మే ముసలాయన ఇత్తడి పాత్రను టింగుమనిపిస్తూ వెళ్తున్నాడు, ఏలకుల వాసన, అబూ ఐహమ్ ఊచల్లోంచి చెయ్యి చాచి ఒక కప్పు తీసుకున్నాడు, కాగితం కప్పు, పైకి పొగ, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వస్ఫీ ముందుకు తెచ్చాడు, తాగండి, అన్నాడు, మీరడిగింది మీదే, దీమా మీ పిల్ల, ఇక్కడే అనేస్తున్నాను, అక్కడ ఆ గుమ్మంలో మళ్లీ మీ ముందు నిలబడే ముఖం నాకు లేదు, ఇక్కడైతే నిలబడగలను, ఇక్కడ మనకు అలవాటే కదా, తాగండి, అయిపోతుంది, సాయంత్రం ఆడవాళ్లకు చెప్పేద్దాం.

కాగితంలోంచి వేడి వేళ్లకు పాకింది, కప్పు వస్ఫీ చేతిలోకి ఎప్పుడొచ్చిందో, తాగితే చాలు, ఒక్క గుటక, కుతైబా పెళ్లి అయిపోయినట్టే, ఇన్సాఫ్ ముఖం, మిఠాయి పెట్టెలు మళ్లీ బయటికి, బంధువులు మళ్లీ కలిసి నడుస్తారు, నిన్నటిది ఒక తమాషా అయిపోతుంది, కొన్నేళ్లకు మనవలకు చెప్పుకుని నవ్వుకునేది, ఒక్క గుటక, వెనకనుంచి జనం తోస్తున్నారు, కాఫీ అంచుదాకా ఊగుతోంది, పెదవులు ముందుకు వెళ్లాయి, ఏలకుల ఆవిరి పైపెదవికి తగిలింది, అక్కడ ఆగింది చెయ్యి, ఎందుకాగిందో తెలియదు, ఆగి, కిందికి దిగడం మొదలుపెట్టింది, ఊచల కింద మోకాలి ఎత్తున సిమెంటు దిమ్మె ఒకటి ఉంది, అందరూ సిగరెట్ పీకలు నలిపేది, చెయ్యి ఆ దిమ్మె దాకా దిగి, మరో చేత్తో పీకలు పక్కకు తుడిచి, కప్పును అక్కడ పెట్టింది, చుక్క ఒలకకుండా, బొటనవేలు అంచు మీద ఆనించి, వేలు తీసే ముందు ఒక క్షణం ఆగి, సాయంత్రం మీ ఇంట్లో తాగుతాను అబూ ఐహమ్, అని ఎవరో అన్నారు, అన్నది తానే, మేమడిగింది మీ గుమ్మంలో ఇచ్చేదాకా మీ కాఫీ తాగం, బెల్టు కూడా మీ దగ్గరే ఉంచండి, మరిచిపోయిన చోటే తీసుకుంటాను.

అబూ ఐహమ్ కప్పు వైపు చూశాడు, సంచిలోంచి బెల్టు తీసి తన బెల్టు పైనే బిగించుకున్నాడు, ఏంటి, కాఫీ వద్దా, వేడివేడి కాఫీ నేల పాలు చేస్తారా, నేను తాగుతా ఇటివ్వండి, అని జబ్ర్ వంగి చెయ్యి చాచాడు, ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా, అది అడిగిన కాఫీ, అన్నాడు అబూ ఐహమ్, జబ్ర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, ఇద్దరి ముఖాలూ చూశాడు, ఈ సందులో ఎవరూ ఎప్పుడూ చూడని పని చేశాడు, మాట్లాడకుండా ఊరుకున్నాడు, కాళ్లు జాగ్రత్తర్రా, అక్కడ కప్పుంది, అన్నాడు కాసేపటికి వెనక్కి తిరిగి, అంతే, ఆ మాట వెనక్కి వెనక్కి వెళ్లింది, కప్పుంది, కప్పుంది, ఎందుకో ఎవరికీ తెలియదు, అడుగులు దిమ్మె దగ్గర కాస్త పక్కకు జరుగుతున్నాయి, పచ్చదీపం, అబూ ఐహమ్ గేటులోకి వెళ్లాడు, కమ్మీలు తిరిగి అతన్ని అవతలికి దింపాయి, చట్రం ముందు నిలబడి ఒక బెల్టు తీశాడు, తర్వాత ఇంకొకటి తీశాడు, రెండూ ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టాడు, గాజు వెనకనుంచి సిపాయి గొంతు, ఇంకా మీసాలు సరిగ్గా రాని కుర్రవాడిది, రెండు బెల్టులెందుకు, అంది, నిద్రమత్తులో, విరిగిన అరబ్బీలో, అబూ ఐహమ్ ఏ కుంటిసాకూ చెప్పలేదు, ఒకటి మా ఇంటికొచ్చిన అతిథిది, అన్నాడు, ఏంటి, అంది గొంతు, అతిథిది, అన్నాడు మళ్లీ, గొంతుకు అది దేనికింద లెక్కో తేలలేదు, పో, అంది.

ఇప్పుడు వస్ఫీ, ఒక్కొక్కరే, అంటోంది గొంతు, నువ్వు రా, కమ్మీలు వీపును నెట్టాయి, చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది, అక్కడ గుడ్డపేలిక, దాన్ని విప్పాలా వద్దా తెలియక వేళ్లు ఒక్క క్షణం తడబడ్డాయి, చొక్కా ఎత్తు, ఎత్తాడు, తిరుగు, తిరిగాడు, చల్లగాలి పొట్టకు తగిలింది, నిన్న ఆ నడవలో తగిలిన గాలే, కానీ ఇక్కడ ముఖం సిగ్గుతో కాలలేదు, ఇక్కడ ఏమీ కాలదు, ఎప్పుడు కాలడం మానేసిందో కూడా గుర్తులేదు, సాయంత్రం ఆ గుమ్మంలోకి వెళ్లినప్పుడు చెయ్యి మళ్లీ ఎత్తదని ఎవరు చెప్పగలరు, ఇవాళే కాదు, ఇంకెన్ని గుమ్మాల్లో, కుతైబా వచ్చి తన వెనక నిలబడితే వాడి చెయ్యి, దీమా చూస్తుండగా, ఎన్ని గుమ్మాల్లో, సగం తిరిగేసరికి ఊచల్లోంచి వెనక సందు కనిపించింది, మనుషులు, మోకాళ్లు, ఆ మోకాళ్ల మధ్య దిమ్మె మీద కాగితం కప్పు, ఇంకా నిలబడే ఉంది, పొగ ఆగిపోయింది, ఎవరూ తాకలేదు, తూర్పున ఆకాశం బూడిదరంగులోకి తిరుగుతోంది, చొక్కా ఎత్తి పట్టుకున్న తన చేతిని వస్ఫీ మొదటిసారి పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు, నిన్న ఇది తనను అడక్కుండా చొక్కా ఎత్తింది, నిజమే, కానీ ఇందాక కప్పు దించినప్పుడు కూడా ఇది తనను అడగలేదు, బొటనవేలు అంచు మీద ఆనించమని ఎవరూ చెప్పలేదు, తీసే ముందు ఒక క్షణం ఆగమని ఎవరూ చెప్పలేదు, ఈ సిపాయిలు ఈ చేతిలోకి వచ్చి కూర్చున్నారు, ఇక పోరు, అది అతనికి తెలుసు, ఇంతవరకూ తెలియనిది ఇది, వీళ్లు రాకముందే తన తండ్రి ఇందులోకి వచ్చి ఉన్నాడు, ఇంకా వెళ్లలేదు.